ఫోన్‌కి లాక్ ఉంటే సరిపోతుందా? దొంగ కొట్టేసినా, చెక్‌పోస్టులో అడిగినా ఏం చేయాలి?

పర్లాకిమిడి దర్జీ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంటి ముందు గదిలోనే కుట్టు పని చేస్తాను. పాతపట్నం నుంచి కూడా ఆడవాళ్ళు జాకెట్లు కుట్టించుకోవడానికి వస్తారు. ఈ మధ్య రెండు సంగతులు జరిగాయి. రెండూ ఫోన్ గురించే కాబట్టి ఒకేచోట అడుగుతున్నాను.

మొదటిది. రాయగడ మజ్జిగౌరమ్మ జాతరలో మా తమ్ముడి జేబులోంచి ఫోన్ కొట్టేశారు. లాక్ ఉంది కదా అని మేం కాస్త ధైర్యంగానే ఉన్నాం. సాయంత్రానికి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో తమ్ముడి నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మని ఆసుపత్రిలో చేర్చాం, అర్జెంటుగా డబ్బు కావాలి అని. బొబ్బిలిలో ఉన్న మా పిన్ని కంగారుపడి 6 వేలు పంపేసింది. లాక్ తీయకుండా వాడు వాట్సాప్‌లోకి ఎలా వెళ్ళాడో మాకు అర్థం కాలేదు.

రెండోది నాకే జరిగింది. విశాఖ నుంచి రాత్రి బస్సులో వస్తుంటే దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. గంజాయి కోసం చెకింగ్ అన్నారు. బ్యాగులు చూశారు, తప్పులేదు. తర్వాత నా ఫోన్ అడిగి, లాక్ తీయించి, గ్యాలరీ తెరిచారు. నా దగ్గర కుట్టించుకునేవాళ్ళు జాకెట్ ట్రయల్ వేసుకుని, వీపు దగ్గర ఫిట్టింగ్ ఎలా ఉందో అద్దంలో ఫొటో తీసి పంపిస్తారు. ఆయన బొటనవేలితో ఒక్కొక్కటే జరుపుతూ చూస్తున్నారు. కొన్నిటి దగ్గర ఆగారు. నేను పక్కన నిలబడి ఉన్నాను, నోట మాట రాలేదు. నన్ను నమ్మి పంపిన ఫొటోలవి.

ఎన్‌క్రిప్షన్ అని అందరూ అంటారు. అది నా ఫోన్‌లో ఉందా? ఎక్కడ ఆన్ చేయాలి? దొంగకీ, ఇలాంటి చెకింగ్‌కీ ఒకే తాళం పనిచేస్తుందా?

రాయగడ రిపేరు కొట్టు | శనివారం రాత్రి 10:25

చెల్లెమ్మా, మీరు ఆన్ చేయాల్సిందేమీ లేదు. ఆండ్రాయిడ్ 10తో గానీ ఆ తర్వాతి వెర్షన్‌తో గానీ వచ్చిన ఫోన్ ఎంత చవకదైనా ఎన్‌క్రిప్షన్‌తోనే వస్తుంది. ఐఫోన్‌కి 2014 నుంచి పాస్‌కోడ్ పెట్టుకుంటే చాలు. లోపలున్న ఫొటోలు, మెసేజ్‌లు అన్నీ కలగాపులగం చేసి రాసినట్టు ఉంటాయి. వాటిని మళ్ళీ సరిగా కూర్చే తాళంచెవి కొంత మీ పిన్ నుంచి, కొంత ఆ ఫోన్ చిప్‌లోనే దాచిన రహస్య సంఖ్య నుంచి తయారవుతుంది. అందుకే బోర్డు మీంచి మెమరీ చిప్ ఊడదీసి నా మిషన్‌లో పెట్టినా పనికొచ్చేది ఒక్క ముక్క రాదు. పాత ఫోన్లలో అలా తీసి ఇచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు కుదరదు. కాకపోతే స్క్రీన్‌కి పిన్ పెట్టకపోతే ఇదంతా ఉన్నా లేనట్టే. తలుపుకి ఖరీదైన తాళం వేసి చెవి దానికే వదిలేసినట్టు.

ఇక దొంగ సంగతి. వాడికి మీ ఫొటోలు అక్కర్లేదు, సిమ్ కావాలి. సూదితో ట్రే బయటికి లాగి, సిమ్ తీసి వాడి ఫోన్‌లో వేసుకుంటే ఓటీపీలన్నీ వాడికే వస్తాయి. ఫోన్ లాక్‌కీ సిమ్‌కీ ఏ సంబంధం లేదు. వాడు కొత్త ఫోన్‌లో మీ తమ్ముడి నంబరుతో వాట్సాప్ తెరిచాడు. పాత చాట్‌లు రావు గానీ గ్రూపులు మాత్రం వచ్చేస్తాయి. మీ పిన్నిగారి డబ్బు అలా పోయింది.

దీనికి మందు రెండు చోట్ల ఉంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద సిమ్ లాక్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే ఆ సిమ్‌ని ఏ ఫోన్‌లో వేసినా ముందు పిన్ అడుగుతుంది. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ అని 6 అంకెల పిన్ పెట్టుకోవచ్చు. ఓటీపీ వచ్చినా ఆ పిన్ లేకుండా ఖాతా తెరుచుకోదు. నా కొట్టుకొచ్చేవాళ్ళలో సిమ్ లాక్ పెట్టుకున్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా కనిపించరు.

ఇంకో మాట. మెమరీ కార్డు వాడుతుంటే మాత్రం జాగ్రత్త. మామూలుగా వేసుకునే కార్డుకి ఎన్‌క్రిప్షన్ ఉండదు, తీసి ఏ కంప్యూటర్‌లో పెట్టినా తెరుచుకుంటుంది. మీ కస్టమర్ల ఫొటోలు కార్డులో ఉంటే ఈ రాత్రే ఫోన్‌లోకి మార్చేయండి.

గుణుపూర్ గట్టు | ఆదివారం ఉదయం 6:50

రిపేరు కొట్టు వారు చెప్పింది బాగుంది. చెక్‌పోస్టు విషయంలో మాత్రం నా ఉద్దేశం వేరు. కొరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచి గంజాయి ఎలా బయటికి పోతోందో మనందరికీ తెలుసు. మా వీధి కుర్రాడే ఒకడు డబ్బుకి ఆశపడి బ్యాగు మోసి జైల్లో పడ్డాడు. వాడి తల్లి ఇప్పటికీ కోర్టు వాయిదాలకి తిరుగుతోంది. పోలీసులు చూస్తే చూడనీండి. తప్పు చేయనివాళ్ళకి దాచుకోవడానికి ఏముంటుంది?

పర్లాకిమిడి దర్జీ | ఆదివారం ఉదయం 8:15

బాబాయ్, మీ మాట కాదనను. బ్యాగు చూసినప్పుడు నేనూ ఏమీ అనలేదు, నా చేత్తోనే జిప్పు తీసి చూపించాను. కానీ ఆ ఫొటోలు నావి కావు. అందులో ఒకావిడ నా దగ్గరికొచ్చి కొలతలిచ్చేటప్పుడు కిటికీ రెక్క కూడా వేయించుకుంటుంది. ఆవిడ తప్పు చేసిందా? ఆవిడకి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక, వారం రోజులుగా ఆవిడ జాకెట్ కుట్టి కూడా కబురు పెట్టలేదు.

బరంపురం వకీలు | ఆదివారం ఉదయం 11:05

అమ్మా, మీ బాధ న్యాయమైనది. దానికి చట్టంలో చోటు కూడా ఉంది.

బస్సులో బ్యాగు తెరిచి చూడటం, ఫోన్ తెరిచి చదవడం ఒకటి కావు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే దానికొక చట్టం ఉండాలి, తగిన కారణం ఉండాలి, ఆ కారణానికి మించి పోకూడదు. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు కుర్రాళ్ళని ఆపి, వాట్సాప్‌లో గంజాయి మాట కోసం వెతికిన వీడియోలు బయటికొచ్చినప్పుడు లేచిన ప్రశ్న కూడా ఇదే. ఏ సెక్షన్ కింద చూస్తున్నారు?

కేసు నమోదై దర్యాప్తు నడుస్తుంటే సంగతి వేరు. పోలీసు దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 94వ సెక్షన్ ఉంది, దాని కింద ఫోన్ తెచ్చి ఇమ్మని రాతపూర్వకంగా అడగొచ్చు. వారంటు లేకుండా సోదా చేయాలంటే 185 ప్రకారం అధికారి తన కారణాలు కాగితం మీద పెట్టాలి. సోదా, స్వాధీనం రెండూ వీడియో తీయాలని 105 చెబుతోంది. మీ విషయంలో ఇవేవీ జరిగినట్టు లేదు.

పిన్ చెప్పి తీరాలా అన్నది ఇంకా కోర్టుల్లో ఒక కొలిక్కి రాలేదు. నేరం మోపబడిన వ్యక్తిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం అంటుంది. వేలిముద్ర ఇవ్వడం అలాంటి సాక్ష్యం కిందికి రాదని 1961లోనే సుప్రీంకోర్టు అంది. పాస్‌వర్డ్ సంగతికొస్తే, 2021లో కర్ణాటక హైకోర్టు అది సాక్ష్యం కాదంది, అయితే ఫోన్‌లో వెతకడానికి వారంటు పద్ధతి పాటించాలంది. 2022లో ఢిల్లీలోని సీబీఐ ప్రత్యేక కోర్టు నిందితుణ్ణి పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టలేమంది. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద కోడ్ విప్పమని ఆదేశిస్తే, పాటించనివారికి 7 ఏళ్ళ దాకా జైలు ఉంది. కానీ ఆ ఆదేశం రావాల్సింది హోం శాఖ కార్యదర్శి స్థాయి నుంచి. రోడ్డు మీద నోటితో చెబితే చెల్లదు.

జయపురం లారీ | ఆదివారం మధ్యాహ్నం 1:30

వకీలు గారూ, మీరు చెప్పినవన్నీ సబబే. నేను పదిహేనేళ్ళుగా ఈ ఘాట్ రోడ్డు మీదే బండి నడుపుతున్నాను. రాత్రి రెండింటికి వెనక నలభై మంది బస్సులో ఎదురుచూస్తుంటే, లాఠీ పట్టుకున్న మనిషి ముందు నిలబడి ఒంటరి ఆడపిల్ల 94వ సెక్షన్ అనగలదా? నేనే అనలేను. అన్నవాళ్ళని బండి దింపి తెల్లారేదాకా కూర్చోబెట్టడం చూశాను. చేయగలిగే మాట ఏదైనా ఉంటే చెప్పండి.

బరంపురం వకీలు | ఆదివారం మధ్యాహ్నం 2:10

నిజమే. అక్కడ వాదన పెట్టుకోమని నేనూ చెప్పను. ఒక్క మాట మాత్రం అడగొచ్చు, గొంతు పెంచకుండా. "ఏం చూడాలో చెప్పండి సార్, నేనే తీసి చూపిస్తాను." ఫోన్ మన చేతిలోనే ఉంటుంది, వాళ్ళ పనీ ఆగదు. మహిళను సోదా చేయాల్సి వస్తే మహిళా పోలీసే చేయాలి, ఆ మాట గుర్తుచేయడంలో తప్పులేదు. అయినా ఫోన్ లాక్కుంటే ఇచ్చేయండి, తోపులాట వద్దు. బస్సెక్కగానే తేదీ, సమయం, చోటు, కనిపించిన నేమ్‌ప్లేటు రాసిపెట్టుకోండి. జిల్లా ఎస్పీకి రాసే అర్జీలో ఆ నాలుగు ముక్కలే బలం. అర్జీ నేను రాసిపెడతాను, ఫీజు మాట ఎత్తొద్దు.

వాళ్ళు అడుగుతుండగా హడావిడిగా డిలీట్ చేయడం మాత్రం అస్సలు వద్దు. సాక్ష్యం మాయం చేశారని అదో కొత్త కేసవుతుంది.

కొరాపుట్ హాస్టల్ | ఆదివారం సాయంత్రం 5:45

నేను కంప్యూటర్స్ చదువుతున్నాను. అక్క అడిగిన ఆఖరి ప్రశ్నకి, అంటే రెండిటికీ ఒకే తాళమా అన్నదానికి, ఒక చిన్న సంగతి చెప్పాలి.

మీ ఫోన్ లాక్ అయినప్పుడు రెండు స్థితుల్లో ఉంటుంది. ఆపేసి మళ్ళీ ఆన్ చేశాక, మొదటిసారి పిన్ కొట్టేదాకా తాళంచెవి తయారే కాదు. అప్పుడు వేలిముద్ర కూడా పనిచేయదు, గమనించే ఉంటారు, "రీస్టార్ట్ తర్వాత పిన్ అవసరం" అని చూపిస్తుంది. ఒకసారి పిన్ కొట్టాక, స్క్రీన్ ఆరిపోయినా, ఆ తాళంచెవి ఫోన్ మెమరీలో మెలకువగానే ఉంటుంది. లాక్ ఉన్న ఫోన్లలోంచి సమాచారం లాగే సెలబ్రైట్, గ్రేకీ లాంటి ఫోరెన్సిక్ పరికరాలకి ఎక్కువగా దొరికేవి ఈ రెండో స్థితిలో ఉన్న ఫోన్లే. అందుకే ఆపిల్ 2024లో ఒక మార్పు తెచ్చింది, మూడు రోజులు ఎవరూ లాక్ తీయకపోతే ఐఫోన్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. 2025లో గూగుల్ కూడా ఆండ్రాయిడ్‌కి అదే తెచ్చింది. జాతరకో, రాత్రి ప్రయాణానికో వెళ్ళేటప్పుడు ఫోన్ ఒకసారి ఆపేసి, ఆన్ చేసి, పిన్ కొట్టకుండా జేబులో పెట్టుకుంటే అంతకన్నా గట్టి తాళం లేదు. ఫోన్ కాల్ వస్తే ఎత్తొచ్చు, సిమ్ లాక్ పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఆన్ చేయగానే సిమ్ పిన్ కొట్టాలి. కాకపోతే ఎవరు చేస్తున్నారో పేరు కనిపించదు, నంబరే కనిపిస్తుంది.

పిన్ 4 అంకెలైతే 10 వేల రకాలు. 6 అంకెలైతే 10 లక్షలు. పుట్టిన సంవత్సరం పెట్టుకుంటే వందలోపే. మా హాస్టల్లో సగం మంది పిన్‌లు వాళ్ళ భుజం మీంచి చూసి నేను చెప్పగలను, దొంగ కూడా బస్సులో అలాగే చూస్తాడు. ప్యాటర్న్ అయితే అద్దం మీద నూనె మరక దారి చూపిస్తుంది.

అక్కా, కస్టమర్ల ఫొటోలకి గూగుల్ ఫొటోస్‌లో లాక్డ్ ఫోల్డర్ అని ఉంది, అందులోకి మార్చండి. గ్యాలరీ తెరిచినవాళ్ళకి కనిపించవు. వాట్సాప్‌లో వచ్చినవి గ్యాలరీలోకి రాకుండా మీడియా విజిబిలిటీ ఆపేయండి. వాట్సాప్ సంభాషణలకి 2016 నుంచి ఎన్‌క్రిప్షన్ ఉంది గానీ, గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్ళే బ్యాకప్‌కి మనమే విడిగా ఆన్ చేయాలి. అది 2021లో వచ్చింది, చాలామంది చూడనే లేదు.

గుణుపూర్ గట్టు | ఆదివారం రాత్రి 8:20

అమ్మాయ్, పొద్దున నేను తొందరపడి అన్నాను. కిటికీ రెక్క మాట చదివాక మా ఇంట్లో ఆడవాళ్ళు గుర్తొచ్చారు. నొచ్చుకోకు.

నాదీ ఒక ప్రశ్న ఉంది. పోయిన నెల విజయనగరం నుంచి రాయగడ వస్తుంటే రైల్లో ఫోన్ పోయింది. ఒక స్టేషన్లో ఇది ఆంధ్రా పరిధి అన్నారు, ఇంకో స్టేషన్లో ఒడిశాలో ఇవ్వండి అన్నారు. తిరిగి తిరిగి వదిలేశాను. ఎక్కడిదాన్ని ఎక్కడ ఇవ్వాలి?

బరంపురం వకీలు | ఆదివారం రాత్రి 9:00

ఎక్కడైనా ఇవ్వొచ్చు. కొత్త సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎవరి పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, తర్వాత వాళ్ళే అసలు స్టేషన్‌కి పంపుతారు. ఒడియాలో రాస్తే చదివి వినిపించమనండి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. సరిహద్దులో బతికేవాళ్ళం ఈ ఒక్క సెక్షన్ నంబరైనా కంఠతా పట్టాలి.

రాయగడ రిపేరు కొట్టు | ఆదివారం రాత్రి 9:35

ఆ కాపీ చేతికి రాగానే డూప్లికేట్ సిమ్ తీసుకుని సంచార్ సాథీ అనే ప్రభుత్వ పోర్టల్లో ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య, బ్లాక్ చేయించండి బాబాయ్. 2023 మే నుంచి దేశమంతా ఉంది. బ్లాక్ చేశాక ఆ ఫోన్ మన దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయదు. ఐఎంఈఐ ఫోన్ కొన్న డబ్బా మీద ఉంటుంది. డబ్బా పారేసినవాళ్ళు ఫోన్ చేతిలో ఉన్నప్పుడే *#06# కొట్టి రాసి పెట్టుకోండి. డబ్బు కూడా పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇచ్ఛాపురం అంచు | సోమవారం ఉదయం 7:10

ఇది చదివి నిన్న రాత్రే సిమ్ లాక్ పెట్టబోయాను. పిన్ అడిగితే నా ఏటీఎం పిన్ కొట్టాను. మూడుసార్లు తప్పయ్యేసరికి సిమ్ ఆగిపోయి, దాన్ని మళ్ళీ తెరవడానికి పీయూకే అనే కోడ్ అడుగుతోంది. ఇంట్లో అందరికీ టెన్షన్.

రాయగడ రిపేరు కొట్టు | సోమవారం ఉదయం 7:40

నేను ముందే చెప్పాల్సింది, తప్పు నాది. మొదటిసారి అడిగేది సిమ్ కంపెనీ పెట్టిన పిన్. అదేదో కస్టమర్ కేర్‌ని అడిగి తెలుసుకున్నాకే కొట్టాలి, ఆ తర్వాత మనకి నచ్చింది మార్చుకోవచ్చు. ఇప్పుడు ఇంకో ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కి చేసి పీయూకే అడగండి, మీ వివరాలు సరిచూసి చెబుతారు. ఊహించి కొట్టొద్దు. పదిసార్లు తప్పయితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

వంశధార ఒడ్డు | సోమవారం మధ్యాహ్నం 3:20

నేను పెద్దదాన్ని, మనవడి చేత టైపు చేయిస్తున్నాను. మాది కాశీనగరం దగ్గర. మీరంతా దొంగల గురించి, పోలీసుల గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు మా ఇంట్లోనే వచ్చింది కష్టం.

మా వారు పోయి నాలుగు నెలలైంది. ఆయన ఫోన్‌కి పిన్ ఉంది, ఎవరికీ చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు. నా పుట్టినరోజు కొట్టాం, పెళ్ళిరోజు కొట్టాం, పిల్లలవి, ఇంటి నంబరు, బ్యాంకు ఖాతా చివరి అంకెలు అన్నీ కొట్టాం. ఇప్పుడు ఒక్కసారి తప్పు కొడితే గంటలు ఆగమంటోంది. ఆయన ఫొటోలు తీయడంలో మహా సరదా మనిషి. అవన్నీ అందులోనే ఉన్నాయి. ఫోన్ రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను. ఎవరైనా తెరవగలరా?

రాయగడ రిపేరు కొట్టు | సోమవారం సాయంత్రం 4:05

అమ్మా, మీకు అబద్ధం చెప్పలేను. ఆ ఫోన్ నేను తెరవలేను. నాకు తెలిసిన రిపేరువాళ్ళెవరూ తెరవలేరు. లాక్ తీయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, వాళ్ళు రీసెట్ కొడతారు, లోపలున్నదంతా శాశ్వతంగా పోతుంది. ఇంకో తప్పు పిన్ కూడా కొట్టకండి.

ఒకటి చూడండి. పక్కన సిమ్ ట్రే ఉంటుంది, సన్నటి కాడతో పొడిస్తే బయటికొస్తుంది. అందులో సిమ్ కాకుండా ఇంకో చిన్న నల్ల ముక్క ఉందా?

కొరాపుట్ హాస్టల్ | సోమవారం సాయంత్రం 4:30

అమ్మమ్మా, ఆయన సిమ్ ఇంకా పనిచేస్తుంటే అది ఆగిపోకుండా రీఛార్జి చేయిస్తూ ఉండండి. గూగుల్ ఖాతాలో ఫొటోలు బ్యాకప్ అయి ఉంటే ఆ నంబరు సాయంతో తెరిచే దారి ఉంటుంది. మనవణ్ణి నాకు విడిగా మెసేజ్ పెట్టమనండి, నేను పక్కనే ఉండి చేయిస్తాను.

మిగతావాళ్ళు కూడా ఈ పని ఈరోజే చేయండి. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్, ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్ అని ఉన్నాయి. మన తర్వాత ఎవరికి ఇవ్వాలో ముందే పేరు రాసిపెట్టొచ్చు.

పర్లాకిమిడి దర్జీ | మంగళవారం రాత్రి 10:15

ఫొటోలన్నీ లాక్డ్ ఫోల్డర్‌లోకి మార్చాను. నాకూ తమ్ముడికీ సిమ్ పిన్, వాట్సాప్ పిన్ పెట్టుకున్నాం. మా పిన్‌లు కాగితం మీద రాసి అమ్మకిచ్చాం, బియ్యం డబ్బా అడుగున పెట్టింది. వకీలు గారూ, అర్జీ వివరాలు మీకు పంపాను. జాకెట్ ఆవిడకి సాయంత్రం వెళ్ళి జరిగిందంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ అర్జీలో తను కూడా సంతకం పెట్టొచ్చా అని అడిగింది.

వంశధార ఒడ్డు | బుధవారం ఉదయం 9:50

చెవి దుద్దు కాడతో ట్రే తీశాను బాబూ. మీరన్నట్టే నల్ల ముక్క ఉంది, చిటికెనవేలి గోరంత. మనవడు కంప్యూటర్‌లో పెట్టాడు. ఏ తాళమూ అడగలేదు. 1,140 ఫొటోలు వచ్చాయి. చివరిదాంట్లో నేనే ఉన్నాను, మేడ మీద వడియాలు పెడుతూ. ఆయన తీసినట్టే నాకు తెలియదు.